పరాయి దేశంలో పోలీసు చెయ్యి చాపితే

ఒడిశాలోని బరంపురంలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. పాస్‌పోర్టు అప్లికేషన్లు, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్లు, రైలు టికెట్లు ఆన్‌లైన్‌లో చేసి పెడుతుంటాను. గల్ఫ్‌కో మలేసియాకో వెళ్ళే కుర్రాళ్ళు అటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచీ వస్తారు, ఇటు ఛత్రపురం, దిగపహండి నుంచీ వస్తారు. ఫోటో అప్‌లోడ్ అయ్యి ఫీజు కట్టేశాక దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "అన్నా, వెరిఫికేషన్‌కి పోలీసు వస్తే చేతిలో ఎంత పెట్టుకోవాలి?"

చట్టప్రకారం జవాబు సున్నా. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి వచ్చిన పోలీసుకి మనం ఇవ్వాల్సిన ఫీజంటూ ఏదీ లేదు. క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి కట్టే 500 రూపాయలు కూడా పాస్‌పోర్టు ఆఫీసు ఖాతాలోకే వెళ్తాయి. ఈ మాట చెబితే కుర్రాడు సరేనని తల ఊపుతాడు. అయినా జేబులో రెండు నోట్లు విడిగా మడిచి పెట్టుకునే ఇంటికి పోతాడు. అతణ్ణి తప్పు పట్టలేను. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే చేస్తున్నాడు. కానీ ఆ అలవాటు మనతో పాటు విమానం ఎక్కితే ఏమవుతుందో దగ్గర్నుంచి చూశాను.

మా పిన్ని కొడుకు గల్ఫ్‌లో పైప్ ఫిట్టర్. వెళ్ళిన మూడో వారంలో, ఒక శుక్రవారం రాత్రి, కూరగాయలు కొనుక్కుని నడిచి వస్తుంటే పెట్రోలింగ్ కారు పక్కన ఆగింది. ఐడీ కార్డు రూములో మర్చిపోయాడు. వాడికి అరబిక్ రాదు, పోలీసుకి హిందీ నాలుగు ముక్కలు వచ్చు. వాడు చేసిన మొదటి పని పర్సులోంచి ఒక నోటు తీసి, మడిచి, ఫోన్ కింద పెట్టడం. ఆ ఫోన్‌లో ఉన్న ఐడీ ఫోటో చూపిస్తున్నట్టుగా రెండూ కలిపి అందించబోయాడు. మన హైవే మీద లారీ డ్రైవర్లు లైసెన్సు కింద నోటు పెట్టి ఇస్తారే, అదే పద్ధతి. పక్కనే ఉన్న రూమ్మేట్, తొమ్మిదేళ్ళుగా అక్కడ పని చేస్తున్న మలయాళీ ఆయన, వాడి చెయ్యి పట్టుకుని కూరగాయల సంచీలోకి తోసేశాడు. టమాటాలు రోడ్డు మీద దొర్లాయి. పోలీసు ఫోన్‌లో నంబరు చూసి, తన మెషీన్‌లో కొట్టి చూసుకుని, కార్డు లేకుండా తిరగొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

కార్డు మర్చిపోవడం చిన్న తప్పు. ఆ నోటు గనక పోలీసు చేతిలో పడి ఉంటే అది పెద్ద నేరం అయ్యేది. గల్ఫ్ దేశాల్లో ప్రభుత్వోద్యోగికి లంచం ఇవ్వజూపడం కూడా జైలుకి పంపే నేరమే. అవతలివాడు తీసుకోకపోయినా సరే. శిక్ష అయ్యాక సాధారణంగా దేశం నుంచి పంపేస్తారు. ఊళ్ళో చేసిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

అందుకని పరాయి దేశంలో పోలీసు అవినీతి గురించి మాట్లాడేటప్పుడు నేను మొదట చెప్పేది మన చెయ్యి గురించే. వాళ్ళు అడగకముందే ఇచ్చే చెయ్యి మనది. సింగపూర్‌లో అవినీతిని పట్టుకోవడానికే 1952 నుంచి ఒక ప్రత్యేక సంస్థ ఉంది. అక్కడి చట్టం ప్రకారం లంచం ఇచ్చినవాడికైనా, పుచ్చుకున్నవాడికైనా లక్ష సింగపూర్ డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ళ దాకా జైలు. మొత్తం ఎంత చిన్నదైనా వదలరు. 2018లో ఒక కంటైనర్ డిపోలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఇద్దరి మీద కేసు పెట్టారు. లారీ డ్రైవర్ల దగ్గర వాళ్ళు తీసుకుంటున్నది ఒక్క డాలరు లాంటి చిన్న మొత్తాలు. ఇద్దరూ చైనా నుంచి పనికి వచ్చినవాళ్ళే. వాళ్ళు పోలీసులు కారు, ప్రభుత్వోద్యోగులు కారు. ఒక్క డాలరుకే కోర్టుకి వెళ్ళారు.

మారిన దేశాలూ ఉన్నాయి. మన పిల్లలు ఎంబీబీఎస్‌కి వెళ్ళే జార్జియానే తీసుకోండి. ఒకప్పుడు అక్కడ ట్రాఫిక్ పోలీసు ఆపితే డబ్బులివ్వకుండా కదిలేది లేదు. 2003లో గులాబీ విప్లవం తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ ట్రాఫిక్ విభాగాన్నే రద్దు చేసి, వేల మందిని ఇంటికి పంపి, కొత్తవాళ్ళని మంచి జీతాలతో తీసుకుంది. లోపల జరిగేది బయటికి కనిపించాలని స్టేషన్లకి గాజు గోడలు కట్టింది. అలాంటి చోట, సీనియర్లు పాతికేళ్ళ కింద విన్న కథలు నమ్మి నోటు చాపితే మన పిల్లలే ఇరుక్కుంటారు.

అమ్మేది టైమే

లంచం అనే మాట మనకీ ఒడియా వాళ్ళకీ దాదాపు ఒకటే, వాళ్ళు లాంచ అంటారు. మరాఠీలో లాచ్. అయితే చెయ్యి చాపేవాడు ఎక్కడా ఆ మాట వాడడు. మన దగ్గర చాయ్ పానీ. మలేసియాలో దుయిత్ కోపి, అంటే కాఫీ డబ్బులు. థాయ్‌లాండ్‌లో టీ నీళ్ళ డబ్బులంటారు. కెన్యాలో కితు కిదోగో, అంటే ఏదో కొంచెం. మెక్సికో వాళ్ళు మాత్రం మోర్దిదా అని ఉన్నదున్నట్టు అంటారు, దానికి అర్థం కాటు. వెళ్ళే దేశంలో ఈ మాట ఏమిటో ముందే తెలుసుకోవడం మంచిది. అసలు జరిమానాని ఏ దేశం పోలీసూ కాఫీ పేరు చెప్పి అడగడు.

సరే, ఇంతమంది స్థానికులు ఉండగా పరాయివాడే ఎందుకు దొరుకుతాడు? డబ్బున్నవాడనుకుంటారని చాలామంది అంటారు. లేబర్ క్యాంపులో పది మంది ఒక రూములో ఉండేవాణ్ణి చూసి డబ్బున్నవాడని ఎవరనుకుంటారు? నాకు అర్థమైనంతవరకు ఆ పోలీసు అమ్మేది టైమ్. అక్కడి ఊరివాడు స్టేషన్‌లో ఒక పూట కూర్చుంటే పోయేది ఆ పూట కూలి. బావమరిదో, వార్డు మెంబరో వచ్చి తీసుకెళ్తారు. మనవాడు ఒక పూట కూర్చుంటే ఫ్లైట్ పోతుంది, వీసా గడువు పోతుంది, డ్యూటీకి రాలేదని కంపెనీ రాసేస్తుంది. సౌదీలో పనివాడు పారిపోయాడని యజమాని చేసే ఫిర్యాదుని హురూబ్ అంటారు. ఆ మాట వింటేనే మనవాళ్ళకి చెమటలు పడతాయి. మన టైమ్ ఎంత ఖరీదైతే పోలీసు అడిగే రేటు అంత పెరుగుతుంది. కాబట్టి ఆ రేటు తగ్గించుకోవడం మన చేతిలో కొంత ఉంది.

నాకే జరిగింది ఒకటి. మా ఆవిడా నేనూ ఆగ్నేయాసియాలో ఒక ద్వీపానికి వెళ్ళి స్కూటర్ అద్దెకి తీసుకున్నాం. నాకు హెల్మెట్ ఉంది, అంతర్జాతీయ పర్మిట్ ఉంది. వెనక కూర్చున్న మా ఆవిడకి హెల్మెట్ లేదు. తప్పు మాదే, దాన్ని కాదనను. ఒక మలుపులో ముగ్గురు పోలీసులు బండ్లు ఆపుతున్నారు. మన డబ్బులో మూడు వేల రూపాయలు ఇక్కడే ఇచ్చేసి పొమ్మన్నాడు ఒకాయన. తప్పు చేశానండీ, చలానా రాయండి, స్టేషన్‌కి వచ్చి కడతాను అన్నాను. స్టేషన్ చాలా దూరం, ఇవాళ సెలవు, పాస్‌పోర్టు తీసుకుంటాం అన్నాడు. పాస్‌పోర్టు హోటల్లో ఉందని చెప్పి జిరాక్స్ ఇచ్చాను. సరే అక్కడ కూర్చో అన్నాడు. రోడ్డు పక్కన గట్టు మీద కూర్చున్నాం. మా ఆవిడ సంచీలోంచి కమలాపండు తీసి ఒలిచింది. మా కళ్ళముందే ఆరేడు బండ్లు ఆగాయి, ఆరేడుగురు ఇచ్చేసి వెళ్ళారు. మేము అడ్డంగా కూర్చోవడం వాళ్ళకి ఇబ్బందైపోయింది. నలభై నిమిషాలకి ఆయనే వచ్చి చలానా రాసిచ్చాడు. స్టేషన్ రెండు కిలోమీటర్లు కూడా లేదు. కౌంటర్‌లో మన డబ్బులో అయిదు వందలకి అటూ ఇటూగా కట్టి రసీదు తీసుకున్నాం.

ఇందులో నా ధైర్యం ఏమీ లేదు. మా తిరుగు ఫ్లైట్ ఇంకా రెండు రోజులుంది, అసలు పాస్‌పోర్టు నా దగ్గర లేదు, గొంతు పెంచలేదు. అదే సాయంత్రం ఫ్లైట్ అయితే నేనూ ఇచ్చేసేవాణ్ణేమో. అందుకే మా షాపుకి వచ్చేవాళ్ళకి చెబుతుంటాను: ఎయిర్‌పోర్టుకి వెళ్ళే రోజున బండి నడపకండి, చివరి రోజుకి ఏ పనీ పెట్టుకోకండి.

అయితే దీన్ని అన్ని చోట్లా వాడే మంత్రంలా తీసుకోవద్దు. చీకటి పడ్డాక, మనుషులు లేని రోడ్డు మీద, తుపాకీ ఉన్నవాడు డబ్బు అడిగితే ఇచ్చేసి ప్రాణంతో బయటపడటమే సరైన పని. అది లంచం కాదు, దోపిడీ. మన దేశపు చట్టం కూడా ఈ తేడా గుర్తించింది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ళ దాకా జైలు అన్నారు. కానీ బలవంతం మీద ఇచ్చి, ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే శిక్ష వర్తించదు. ఒడిశాలో విజిలెన్స్‌కైనా, మహారాష్ట్రలో ఏసీబీకైనా ఆ ఫిర్యాదుకి ఫోన్ నంబరు 1064. ఈ ఏడు రోజుల సంగతి మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసని అడిగితే నా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్ళలో చేతులు లేవవు.

ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టడం మాత్రం చాలా దేశాల్లో ఎదురుతిరుగుతుంది. అనుమతి లేకుండా మనిషిని వీడియో తీయడమే నేరమైన చోట్లున్నాయి, గల్ఫ్‌లో ముఖ్యంగా. అవినీతి కేసు పోయి మన మీదే కేసు పడుతుంది. పేరు, బ్యాడ్జి నంబరు, బండి నంబరు, టైమ్, చోటు, ఇవి మనసులో పెట్టుకుని రూముకి వచ్చాక రాసుకుంటే చాలు.

కాగితం సరిగా లేనివాడు కాదనలేడు

పోలీసు మన టైమ్ అమ్మగలగడానికి ముందు మన కాగితంలో ఒక చిల్లు దొరకాలి. ఆ చిల్లు చాలాసార్లు మన ఊళ్ళోనే పడుతుంది.

మా తాతల తరం గోపాలపూర్ రేవులో స్టీమర్ ఎక్కి రంగం వెళ్ళింది. రంగూన్‌ని మా ఇళ్ళలో ఇప్పటికీ రంగం అనే అంటారు. అప్పుడు మధ్యలో మేస్త్రీ ఉండేవాడు, వాడి దగ్గర అప్పు చేసి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఏజెంటు ఉన్నాడు. విజిట్ వీసా మీద పంపించి, అక్కడికి వెళ్ళాక మార్పిస్తానంటాడు. మార్చడు. ఆ కుర్రాడు రోడ్డు మీద కనిపించిన ప్రతి యూనిఫాంకీ లోకువ అవుతాడు. ఎవరు ఎంత అడిగినా కాదనలేడు, ఫిర్యాదు చేద్దామంటే ముందు తనే దొరికిపోతాడు. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టులకి సాధారణంగా 18 దేశాలకి పనికి వెళ్ళేటప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి. అది తీసుకోవాల్సింది కేంద్రం నడిపే ఈమైగ్రేట్ వెబ్‌సైట్ ద్వారా. ఏజెంటుకి లైసెన్స్ ఉందో లేదో అదే సైట్‌లో రెండు నిమిషాల్లో చూడొచ్చు. లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోగల సర్వీస్ ఛార్జీ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షా, లక్షన్నర అడిగేవాడు ఏం అమ్ముతున్నాడో ఆలోచించండి. క్లియరెన్స్ అక్కర్లేదు, టూరిస్టుగా వెళ్ళిపోవచ్చని ఎవరైనా అంటే నేను అప్లికేషన్ పక్కన పెట్టి ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకురమ్మంటాను. గిరాకీ పోయినా ఫర్వాలేదు.

సరదాగా తిరగడానికి వెళ్ళేవాళ్ళకీ కాగితం అంతే ముఖ్యం. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ని మన ఆర్టీవో ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది పనికొస్తుంది. మన పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం ఉన్నది 1968 వియన్నా ఒప్పందంలో, కాబట్టి మన పర్మిట్ అక్కడ చెల్లదు. ఇది తెలియక అక్కడ బైకు అద్దెకి తీసుకుంటే పోలీసు ఆపిన క్షణానికే మనం సగం ఓడిపోయినట్టు. నేపాల్ సంగతీ ఇలాంటిదే. పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకి ఇక్కడి నుంచి టెంపో ట్రావెలర్లలో వెళ్తుంటారు. మన బండి నేపాల్‌లోకి వెళ్ళాలంటే సరిహద్దు కస్టమ్స్‌లో భన్సార్ అనే సుంకం కట్టి చీటీ తీసుకోవాలి. ఎన్ని రోజులకి కడితే అన్ని రోజులే. లైను పెద్దగా ఉందని వదిలేసి వెళ్తే తర్వాత ప్రతి చెకింగ్ దగ్గరా బేరమే.

ఇంకొకటి, పోలీసే కానివాడు. టూరిస్టులు తిరిగే పెద్ద నగరాల్లో మామూలు బట్టల్లో వచ్చి, ఒక కార్డు అలా చూపించి ఇలా మూసేసి, నకిలీ నోట్లు తిరుగుతున్నాయి, పర్సు చూపించండి అంటారు. పర్సు తిరిగి వస్తుంది, నోట్లు తగ్గి వస్తాయి. రోడ్డు మీద పర్సు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఏదైనా ఉంటే స్టేషన్‌లో చూసుకుందాం, నడుచుకుంటూ వస్తాను అనండి. నిజమైన పోలీసుకి దాంతో నష్టమేం లేదు. థాయ్‌లాండ్‌లో అయితే టూరిస్టుల కోసమే వేరే పోలీసులున్నారు, 1155కి ఫోన్ చేస్తే ఇంగ్లిష్‌లో మాట్లాడతారు.

లోపలికి తీసుకెళ్తే

ఇది టెన్షన్ పెట్టే భాగం, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

కాన్సులేట్లు, అంటే పరాయి దేశంలో తమ పౌరులకి సాయం చేసే కార్యాలయాల గురించి 1963లో వియన్నాలో ఒక ఒప్పందం కుదిరింది. దాని 36వ అధికరణం ప్రకారం పరాయి దేశస్తుణ్ణి పట్టుకున్నప్పుడు, మీ దేశ కార్యాలయానికి తెలియజేయమని అడిగే హక్కు మీకుందని పోలీసులు అతనికి చెప్పాలి. అతను అడిగితే ఆలస్యం లేకుండా తెలియజేయాలి. ఇక్కడ ముఖ్యం అడగడం. అడగకపోతే వాళ్ళు చెప్పకపోవచ్చు. గూఢచారి అంటూ పాకిస్తాన్ పట్టుకున్న మన మాజీ నేవీ అధికారి కులభూషణ్ జాదవ్ కేసు అందరూ విన్నదే. 2019 జులై 17న అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్‌ని తప్పు పట్టింది ఈ అధికరణం కిందే. అంత పెద్ద కేసులో నిలబడ్డ హక్కు ఐడీ కార్డు మర్చిపోయిన పైప్ ఫిట్టర్‌కీ ఉంది. "ఇండియన్ ఎంబసీ" అనే రెండు మాటలు ఏ భాషలోనైనా అర్థమవుతాయి. వాటిని నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ, మర్యాదగా అంటూ ఉండాలి.

ఎంబసీ వచ్చి విడిపించేస్తుందని మాత్రం అనుకోవద్దు. ఆ దేశపు చట్టానికి వాళ్ళు అడ్డుపడలేరు, కోర్టులో మన లాయరుగా నిలబడలేరు. వచ్చి చూడగలరు, ఇంటికి కబురు చేయగలరు, లాయర్ల పేర్లు ఇవ్వగలరు. నిజంగా ఆధారం లేనివాళ్ళకి లాయరు ఖర్చు భరించడానికి 2009 నుంచి ఒక సంక్షేమ నిధి కూడా ఉంది. వీటన్నిటికన్నా ముఖ్యం, ఈ మనిషి ఫలానా చోట ఉన్నాడని బయట ఒకరికి తెలియడం. లంచం బేరాలు ఎవరికీ తెలియని గదుల్లోనే సాగుతాయి. ఊళ్ళో ఉన్న కుటుంబం విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, లేదా 1800113090కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మదద్‌లో పెట్టినదానికి ఒక నంబరు వస్తుంది. ఆ నంబరుతో వెంటపడొచ్చు, అదే దాని బలం.

సంతకం గురించి మన ప్రాంతం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1936లో మా బరంపురం ఉన్న గంజాం జిల్లా చాలావరకు మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది, 1954లో ఒడియా అధికార భాష అయింది. ఇంట్లో తెలుగు, స్టేషన్‌లో ఒడియా. మా నాయనమ్మ ఒక పొలం గొడవలో స్టేషన్‌కి వెళ్ళి, చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చింది. అందులో తన ఫిర్యాదుకి బదులు రాజీ రాసి ఉందని ఇంటికి వచ్చాక పక్కింటి మాస్టారు చదివితే తెలిసింది. నాకప్పుడు పదేళ్ళు. ఆవిడ ఆ బొటనవేలిని చీరకొంగుతో రుద్దుకుంటూ కూర్చోవడం ఇప్పటికీ కళ్ళముందు ఉంది. ఒడియా పక్కింటివాళ్ళు చదివి చెప్పగలిగే భాష. అరబిక్ కాగితాన్ని రాత్రి రెండు గంటలకి స్టేషన్‌లో ఎవరు చదివి చెబుతారు? అనువాదం చేసేవాడు వచ్చేదాకా సంతకం పెట్టను, అంతే. కొట్టినట్టు కాదు, తిట్టినట్టు కాదు, చేతులు కట్టుకుని చెప్పొచ్చు. ఇవాళే వదిలేస్తాం, ఇక్కడ సంతకం పెట్టు అన్నప్పుడే ఆ మాట మరీ గట్టిగా చెప్పాలి. అక్కడ కూడా మళ్ళీ మన తొందరనే వాళ్ళు అమ్ముతున్నారు.

బయటపడ్డాక చాలామంది ఫిర్యాదు జోలికి పోరు. ఆ దేశంలో ఉండగా భయం, ఇంటికి వచ్చాక మనకెందుకని. కానీ చాలా దేశాల్లో అవినీతిని చూసే ప్రత్యేక సంస్థలున్నాయి, మలేసియాలో, సింగపూర్‌లో ఆన్‌లైన్‌లోనే రాయొచ్చు. రసీదు ఇవ్వని జరిమానా, టైమ్, చోటు, బండి నంబరు, ఈ నాలుగూ ఉంటే చాలు. ఉద్యోగం అక్కడే చేసుకుంటూ రాయాలా వద్దా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సింది, ఆ విషయంలో నేను ఎవరినీ ఒత్తిడి పెట్టను. దేశం వదిలి వచ్చినవాళ్ళు మాత్రం రాయాలి. అదే మలుపులో రేపు ఇంకొకణ్ణి ఆపుతారు.

పట్టుకున్నప్పుడు చాలా చోట్ల మొదట తీసేసుకునేది ఫోన్. నంబర్లన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి మనిషి ఒక్కసారిగా మూగవాడైపోతాడు. టమాటాల సంగతి విన్న తర్వాత, వాడు మొదటి సెలవుకి వచ్చినప్పుడు, మా పిన్ని ఒక తెల్ల గుడ్డముక్క మీద ఎంబసీ నంబరు, నా నంబరు మార్కర్‌తో నన్ను రాయమంది. దాన్ని వాడి పని చొక్కా జేబు లోపలి వైపు కుట్టింది. ఉతుకుతుంటే అంకెలు వెలిసిపోతాయి. ప్రతి రెండు నెలలకీ మళ్ళీ దిద్దుకుని, ఆ జేబు తిరగేసి ఫోటో తీసి వాళ్ళమ్మకి పంపిస్తుంటాడు.